పెన్సిలుతో రాసిన పదకొండు పేర్లు

ఆమెను ఆసుపత్రిలో అందరూ రిజిస్టరమ్మ అనేవాళ్లు. అసలు పేరు జీతాల కాగితం మీద ఉండేది కానీ, ఇరవై రెండేళ్లలో దాన్ని నోటితో పలికినవాళ్లను నేను చూడలేదు. ఆ పేరు పెట్టింది నేనే. నాకు నోరు ఎక్కువని, కనబడ్డ ప్రతి మనిషికీ ఒక పేరు తగిలిస్తానని ఆసుపత్రి అంతటికీ తెలుసు. నేను కూర్చునేది మందుల కిటికీలో. ఆమెది ఎదురు కిటికీ. మధ్యలో ఆరడుగుల నడవ. ఆమెకు జలుబు చేస్తే ముందు నాకు తెలిసేది, నేను ఎవరిమీద విసుక్కున్నా ముందు ఆమెకు వినిపించేది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది, అది పోతే పనికొస్తుందని చెవి మీద ఇంకొకటి. రబ్బరును మాత్రం తాడుతో బల్లకాలికి కట్టేసింది. "జనం ఇక్కడికొచ్చి రోగాలు వదిలిపోరు గానీ, రబ్బర్లు మాత్రం పట్టుకుపోతారు" అనేది. పెళ్లయింది. నాలుగేళ్లు సాగి, ఎవరూ ఎవర్నీ తిట్టుకోకుండానే అది ఆగిపోయింది. ఎందుకని నేనొకసారి అడిగితే, "ఎక్స్‌ప్రెస్ అనుకుని పాసింజరు ఎక్కాను. తప్పు బండిది కాదు కదా" అని ఊరుకుంది. ఆ తర్వాత ఆమెకు మిగిలింది ఒక తమ్ముడు. ఆమెకంటే ఎనిమిదేళ్లు చిన్న. లిఫ్టులు బాగుచేసే పని నేర్పించింది తనే, పెళ్లి చేసింది తనే, వాళ్లు కాపురం పెట్టడానికి మేడ మీద వెనక వాటా వెతికిపెట్టింది కూడా తనే. ఆ తమ్ముడికి ఒక్కర్తే కూతురు. కూతురని వాళ్లు అనుకున్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆమె రిజిస్టరు గురించి ముందు చెప్పాలి. మా నడవ చివర ఒక గది ఉంది. వారంలో ఒక్క గురువారమే తెరుస్తారు కాబట్టి గురువారం గది అంటాం. పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో రాయించింది తమకు కుదరడం లేదని, లోపల తాము వేరే అని చెప్పేవాళ్లు అక్కడికి వస్తారు. ముందు మనసు డాక్టరు మాట్లాడుతుంది, తర్వాత హార్మోన్ల డాక్టరు చూస్తాడు. కొందరికి మందు మొదలవుతుంది. కొందరు మాటలతోనే తేలికపడి వెళ్లిపోతారు. కొందరు ఒకసారి వచ్చి మళ్లీ కనిపించరు.

తెరిచిన కొత్తలో వచ్చిన ప్రతివాళ్ల పేరూ సిరాతోనే ఎక్కించేది రిజిస్టరమ్మ. మూడో ఏడు ఒకావిడ వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే టీచరు. అంతకు రెండేళ్ల కింద ఒకే ఒక్కసారి ఆ గదిలో కూర్చుని, తన గురించి తాను అనుకున్నది నిజం కాదని తెలుసుకుని వెళ్లిపోయిందట. ఇప్పుడు కొత్త ఉద్యోగంలో పాత వైద్యం కాగితాలన్నీ అడుగుతున్నారు. "నా పేరు తీసెయ్యండమ్మా, ఒక్క పూట వచ్చాను, అంతే" అని కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ప్రభుత్వ రిజిస్టరులో సిరా పేరు కొట్టెయ్యకూడదు. కొట్టేసినా గీత కింద పేరు కనిపిస్తూనే ఉంటుంది. రిజిస్టరమ్మ ఏమీ చెయ్యలేకపోయింది. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు.

తర్వాతి గురువారం నుంచి పెన్సిలు వచ్చింది. మొదటిసారి వచ్చినవాళ్లకు పేరు, ఫోన్ నంబరు, అవీ పెన్సిలుతోనే. రెండోసారి, ఇంట్లో పెద్ద ఒకరి సంతకంతో వస్తే అప్పుడు సిరా, అప్పుడు వరస సంఖ్య, అప్పుడు ఇంటి చిరునామా. ఏడాది దాటినా రాకపోతే ఆ గడి తుడిచేసేది. కంటికి తెలియనంత శుభ్రంగా. "ఒక్కసారి గుమ్మం తొక్కిన పాపానికి బతికినన్నాళ్లూ కాగితంలో ఉండాలా?" అనేది. పెద్ద డాక్టరుకు తెలుసు. మంచి పద్ధతేనమ్మా అన్నాడు. ఆ మాట ఎక్కడా రాసిపెట్టలేదు. మంచి పనికి ఉత్తర్వు కాపీ ఎవరడుగుతారు? పన్నెండేళ్లు అలా గడిచిపోయాయి.

గొడవ మొదలైంది ఆ ఏడు ఎండలు ముదరకముందు. చట్టసభలో ఎవరో ఒక ప్రశ్న వేశారు, టీవీలో ఎవరో దానికి జవాబు చెప్పారు, వారం తిరిగేసరికి మా గేటు దగ్గర రెండు గుంపులు తయారయ్యాయి. ఒక గుంపు చేతిలో 'పిల్లల్ని కాపాడండి' అని రాసిన అట్టలు. ఇంకో గుంపు చేతిలో 'మా వైద్యం ఆపకండి'. రెండు గుంపులూ ఒకే బండి దగ్గర టీ తాగేవి. లేత వయసులో ఇలాంటి మందులు పడితే రేపు వెనక్కి రావడం కష్టమని, ఆధారాలు చాలవని వీళ్లు. ఆపేస్తే ఆ పిల్లలు కుమిలి కుమిలి ఏమైపోతారో చూసినవాళ్లం మేమని వాళ్లు. పోనీ చదువుకున్నవాళ్లు తేలుస్తారా అంటే, డాక్టర్లే రెండుగా చీలిపోయారు. ఒకాయన పరిశోధనలివిగో అంటాడు, ఇంకొకాయన అవే కాగితాలు తిరగేసి ఇందులో ఏమీ లేదంటాడు. నాకైతే ఇద్దరూ తెలివైనవాళ్లలాగే కనిపించారు, ఇద్దరూ ఎదుటివాణ్ణి మాట పూర్తి చెయ్యనిచ్చేవాళ్లు కాదు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయని ఊరికే అనలేదు.

భోజనాల గదిలో నర్సులు రిజిస్టరమ్మను నిలదీశారు. "ఇన్నేళ్లు చూశావు కదా, నువ్వేమంటావు?"

"నేను వచ్చినవాళ్ల పేరు రాస్తా. రావచ్చా రాకూడదా అని రాసే గడి నా రిజిస్టరులో లేదు."

"గోడ మీద పిల్లివే నువ్వు" అన్నాను నేను.

"పిల్లికి గోడే ఇల్లు" అంది.

అలా అంటున్నప్పటికే ఆమె గోడ దిగి నెల దాటిందని నాకు ఒక్కదానికే తెలుసు.

ఒక గురువారం వరసలో ఐదో మనిషి కిటికీలోకి తొంగి చూసేసరికి ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. తమ్ముడి బిడ్డ. వయసు పంతొమ్మిది, ఇంజన్ల డిప్లొమా రెండో ఏడు. ఇంట్లో లెక్క ప్రకారం కూతురు. తన లెక్క ప్రకారం కొడుకు. ఈ కథలో నేను మేనల్లుడు అంటాను, ఆమె కూడా ఆ రోజు నుంచి అలాగే అనేది. మొదటి వారమంతా నోరు తిరగక నాలుక కరుచుకునేది, అది వేరే సంగతి. వరసలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఆమె గొంతు సవరించుకుని, అందర్నీ అడిగినట్టే "పేరు?" అని అడిగింది. అతను తను పెట్టుకున్న పేరు చెప్పాడు. పెన్సిలుతో రాసుకుంది.

మధ్యాహ్నం నా కిటికీ వెనక స్టూలు మీద కూర్చోబెట్టి అడిగింది.

"మీ నాన్నకి చెప్పావా?"

"లేదత్తా. చెప్తా. నేనే చెప్పాలి. కొంచెం టైం కావాలి."

"నాకెందుకు ముందు చెప్పలేదు?"

"నువ్వు ఇక్కడే ఉంటావు కదా. వస్తే నీకు తెలుస్తుంది కదా అనుకున్నా."

ఆమె నవ్వింది. కళ్లు తుడుచుకుంది. ఒట్లు పెట్టే మనిషి కాదు గానీ, "నా నోట్లోంచి రాదు" అంది. రెండోసారికి కావాల్సిన పెద్దల సంతకం తను పెడతానంది. తనకు ఇదంతా అర్థమైందని మాత్రం ఆమె ఎప్పుడూ నాతో చెప్పలేదు. "వాడు చిన్నప్పట్నుంచి అద్దంలో చూసుకునేవాడు కాదు, నాకెందుకు తట్టలేదో" అని ఒకసారి అంది. ఇంకోసారి, "రేపు వద్దనుకుంటేనో?" అంది. రెండు మాటలూ ఒకే మనిషివి, ఒకే వారంలో అన్నవి. టీవీలో అలాంటి మనిషిని కూర్చోబెట్టరు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది ఆ కథనే వినాలనుకుంటారు. బిడ్డ చదువుకుంటుంటే టీవీ గొంతు నొక్కేసే మనిషి. వాళ్ల భవనంలో ఎవరో కాగితం పట్టుకొస్తే 'పిల్లల్ని కాపాడండి' కింద సంతకం పెట్టాడు. పిల్లల్ని కాపాడ్డానికి ఏ తండ్రి సంతకం పెట్టడు?

మేనల్లుడి రెండో తేదీ మూడు నెలల తర్వాత పడింది. ఈలోగా ఎవరో రానని ఫోన్ చేస్తే ఒక గురువారం ఖాళీ అయింది. "మీవాణ్ణి రమ్మను" అన్నాను నేను.

"వాడి ముందు ముగ్గురున్నారు."

"నీకు మేనల్లుడే."

"మేనల్లుడైతే నాలుగోవాడు మొదటివాడవుతాడా?" అని, వరసలో ముందున్న పిల్లాడికి ఫోన్ చేసి ఆ రోజు ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. నీతిమంతులతో స్నేహం చేస్తే ఇదే బాధ, పక్కన కూర్చున్నందుకు మనకూ కాస్త అంటుకుంటుంది.

అది జరిగిన రెండు వారాలకు, సోమవారం పొద్దున ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు ఇక కొత్తగా మందు మొదలుపెట్టకూడదు. నిన్నటిదాకా రిజిస్టరులో నమోదైనవాళ్లకు మాత్రం కొనసాగించవచ్చు. మూడు రోజుల్లో కమిటీ వచ్చి రిజిస్టరు చూస్తుంది. పెద్ద డాక్టరు నడవలోనే నిలబడి చదివాడు. చదివి, కళ్లద్దాలు తీసి, "పెన్సిలు పేర్లు ఎన్నున్నాయమ్మా?" అని అడిగాడు.

"పదకొండు."

"అందరూ ఇరవై ఒకటి లోపేనా?"

"అందరూ."

"అవి నమోదు కిందకి రావేమో" అన్నాడు. ఇంకేదో అనబోయి, అనకుండా వెళ్లిపోయాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు మాట మధ్యలో ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

ఇంకా మందు వాడుతున్నవాళ్ల సిరా పేర్లు అరవై నాలుగు. వాళ్లకు భయం లేదు. పదకొండు మంది మాత్రం ఆ గదికి వచ్చి, డాక్టరు ముందు కూర్చుని, తమ మాట చెప్పుకుని వెళ్లినవాళ్లే. ఆమె దయతలచి పెన్సిలు పట్టుకున్నందుకు ఇప్పుడు రానివాళ్లయ్యారు. ఆ పూటంతా ఆమె అదే పేజీ తెరిచి కూర్చుంది. వచ్చినవాళ్లకు ఏ గది ఎటో కూడా తప్పు చెప్పింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆమె అడగలేదు. నేనే అన్నాను.

"వాళ్లు వచ్చారా లేదా?"

"వచ్చారు."

"డాక్టరు చూసిందా లేదా?"

"చూసింది."

"మరి నమోదు కాకపోవడమేంటి? సిరాతో దిద్దెయ్."

"వెనక తేదీ వేసి రాస్తే దొంగపని అవుతుంది."

"ఒక్కడికి రాస్తే దొంగపని. పదకొండు మందికీ రాస్తే పద్ధతి సరిచెయ్యడం."

ఆ మాట నాకు అప్పుడు ఎంత తెలివిగా తోచిందో చెప్పలేను. ఆమె ముడిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. తన మేనల్లుడొక్కడి కోసమైతే ఆ పని చేసేది కాదు, అది నాకు తెలుసు. పదకొండు మందిని చూపించి నేను ఆమె నీతికి ఒక దారి వేసిపెట్టాను.

మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ రెక్క సగం దించి రాసింది. నేను అటువైపు వచ్చిన నలుగురిని తిట్టి తరిమాను. పేరు, సంఖ్య, చిరునామా. పది మంది చిరునామాలు మొదటిరోజు వాళ్లు నింపిచ్చిన చీటీల్లోంచి చూసి రాసింది. పదకొండో దానికి చీటీ అక్కర్లేకపోయింది. మేడ మీద వెనక వాటా, ఇంటి నంబరు, వీధి, అన్నీ నోటికొచ్చినవే. సంతకాల గడిలో ఎవరి సంతకాలూ లేవు, తర్వాత వచ్చినప్పుడు పెట్టిద్దామంది. సిరా ఆరాక కింది పెన్సిలు తుడిచేసింది.

"మీవాడికి ఎప్పుడు చెప్తావు?" అన్నాను, సంతోషమైన వార్త కదా అని.

"చెప్పను. తప్పు నాది. వాడి నెత్తిన ఎందుకు?"

అది కూడా నాకు గొప్పగానే అనిపించింది.

బుధవారం కమిటీ వచ్చింది. ముగ్గురు. ఒక రిటైరైన డాక్టరు, ఒక వకీలు, ఒక ఆఫీసరమ్మ. ఆఫీసరమ్మ రికార్డు గదిలో ఉద్యోగం మొదలుపెట్టి పైకొచ్చిన మనిషట. మిగతా ఇద్దరూ పేర్లు లెక్కపెడుతుంటే ఆమె పేర్లే చదవలేదు. పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసింది. పై పేజీల్లో ఒక పేరు నీలం, ఒక పేరు నలుపు, ఒకచోట పాళీకి పోగు పట్టి అక్షరం ముద్దయింది, ఒకచోట సిరా అయిపోతూ వెలిసింది. కిందకి వచ్చేసరికి నాలుగు నెలల వేరువేరు తేదీల్లో పదకొండు పేర్లు, ఒకే కలం, ఒకే బిగువు, ఒకే పూట కూర్చుని రాసినట్టు. తర్వాత బొటనవేలితో కాగితం తడిమింది. ఈ పదకొండింటి కిందే కాదు, పన్నెండేళ్ల పేర్ల కిందా రబ్బరు రుద్దిన గరుకు తగిలింది.

"ఇవి ఎప్పుడు రాశారమ్మా?"

"సోమవారం. మధ్యాహ్నం" అంది రిజిస్టరమ్మ.

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అన్లేదు. నేనే."

నేను నా కిటికీలో ఉన్నాను. ఆరడుగుల దూరం. నాకు నోరు ఎక్కువని ముందే చెప్పాను. ఆ రోజు అది పెగల్లేదు. ఇద్దరి ఉద్యోగాలూ పోవడం ఎందుకని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. భయపడ్డాను, అంతే.

"పైవాటి కింద కూడా చెరిపిన గుర్తులున్నాయి" అంది ఆఫీసరమ్మ. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. "పన్నెండేళ్లుగా ఇదే పద్ధతా?"

రిజిస్టరమ్మ టీచరు సంగతి చెప్పింది. పెన్సిలు ఎందుకో చెప్పింది. వకీలు రాసుకున్నాడు. పెద్ద డాక్టరును పిలిచి అడిగితే ఆ పద్ధతి తన దృష్టికి రాలేదన్నాడు.

సాయంత్రానికి అది టీవీలో ఉంది. 'దొంగ రిజిస్టరు.' తెరంత అక్షరాల్లో. లేని రోగులను సృష్టించారని ఒక గుంపు. ఇంకో గుంపు ఇంకా తొందరగా తేల్చేసింది, ఒక ఉద్యోగిని నిర్వాకానికి మాకు సంబంధం లేదని. ఆమె కోసం ఒక్క అట్ట కూడా లేవలేదు. ముడిలో పెన్సిలుతో ఉన్న ఆమె ఫొటో ఎవరు తీశారో, ఎవరు ఇచ్చారో, రోజంతా తిప్పితిప్పి చూపించారు. విచారణ తేలేదాకా ఆమెను దుప్పట్ల గదికి మార్చారు. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డులకు పంపడం పని. ఏమీ రాయక్కర్లేదు.

రిజిస్టరంతా అనుమానమే కాబట్టి అరవై నాలుగు మందికీ మందు ఆపేశారు, ఒక్కొక్కరి సంగతీ తేలేదాకా. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. ఆ ఆపే పని ఎవరిదనుకున్నారు? నా కిటికీది. ఏళ్ల తరబడి రెండు వారాలకోసారి వచ్చి, నన్ను అక్కా అని పలకరించి మందు తీసుకెళ్లినవాళ్లకు "ఈసారి లేదు" అని చెప్పాను. కొందరు ఎప్పుడని అడిగారు. కొందరు అడక్కుండానే వెళ్లారు. వాళ్లలో ముప్పై దాటిన ఒకామె ఉంది. చిన్నప్పుడు ఇంకెక్కడో మందు మొదలుపెట్టి, కొన్నేళ్లకు ఇది తన దారి కాదని తెలిసి, శరీరాన్ని మళ్లీ దారికి తెచ్చుకోవడానికి మా డాక్టరు దగ్గరకు వచ్చేది. 'కాపాడండి' గుంపువాళ్లు ఆమెను ఒకసారి వేదిక కూడా ఎక్కించారు. ఆమె మందు కూడా అదే రిజిస్టరులో, అదీ ఆగింది.

"వాళ్లూ నా గురించే మాట్లాడుతున్నారు, వీళ్లూ నా గురించే మాట్లాడుతున్నారు" అంది చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటూ. "మందు అడిగితే ఇద్దరూ లేరు."

తర్వాత నోటీసులు వెళ్లాయి. రిజిస్టరులో ఉన్న పేర్లు నిజమో కాదో తేల్చడానికి డెబ్బై అయిదు ఇళ్లకూ. ఫలానా మనిషి ఇలాంటి చికిత్స కోసం నమోదైనట్టుంది, ఇంటి పెద్ద ధ్రువీకరించి సంతకం పెట్టి పంపాలి అని. సిరాతో రాసిన చిరునామాలకు.

ఆ మాట ఆసుపత్రిలో పాకిన రోజు నేను దుప్పట్ల గదికి పరిగెత్తాను. ఆమె అప్పటికే విన్నది. మేనల్లుడికి ఫోన్ చేస్తోంది. పరీక్షల్లో ఉన్నాడు, ఫోన్ కట్టేసి ఉంది. తమ్ముడి ఇంటికి వెళ్లి టపా మధ్యలో పట్టుకుందామని బయల్దేరింది. ఆమె వెళ్లేసరికి కవరు చించి ఉంది.

మూడో రోజు తమ్ముడు ఆసుపత్రికి వచ్చాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, గోళ్లలో నల్లటి గ్రీజు అలాగే ఉంది. దుప్పట్ల గదిలో అక్క ఎదురుగా నిలబడ్డాడు. నేను లేచి వెళ్లబోతే రిజిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటి పెద్ద సంతకం పెట్టాలంట" అన్నాడు నోటీసు చూపిస్తూ. "ఆ ఇంట్లో పెద్దని నేనేనా అక్కా?"

"నా మాట విను."

"కొట్టలేదు. అది అనుకోకు. అడిగా. మీ అత్తకి చెప్పి నాకెందుకు చెప్పలేదని అడిగా. గట్టిగానే అడిగానేమో. ఇదంతా ఎవరు నేర్పారని అన్నా. వాళ్లమ్మ ఏడ్చింది. సంతకం పెట్టను, ఇలాంటిదేమీ మా ఇంట్లో లేదని రాసిచ్చేశా." చేతిలో నోటీసు తిరగేశాడు. "పొద్దున లేచేసరికి బ్యాగు లేదు. ఇంకో పరీక్ష ఉంది. అదీ రాయలేదు."

"వెతికావా?"

"ఎక్కడని వెతకను? ఏ పేరు చెప్పి వెతకను? నాకు తెలిసిన పేరుకి పలకదు. ఆ ఇంకో పేరు నాకు ఈ కాగితంలోనే తెలిసింది." నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు నాకు చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణి అనను. ఒప్పుకునేవాణ్ణి కాదేమో. కానీ వారం రోజులు నిద్రపట్టకుండా ఆలోచించుకునేవాణ్ణి కదా. ఆ వారం కూడా ఇవ్వలేదు నువ్వు నాకు. ఇంక మా ఇంటికి రాకు."

అక్కను అంత మాట అనడం అతనికి అదే మొదటిసారి అయ్యుంటుంది. అన్నాక గుమ్మం ఎటుందో తెలియనట్టు ఒక క్షణం నిలబడిపోయాడు.

రెండు నెలలు మేనల్లుడి జాడ లేదు. ఆమె తినేది, నిద్రపోయేది, దుప్పట్లు మడిచేది. వార్డులవాళ్లు ఇంత చక్కటి మడతలు ఎప్పుడూ చూడలేదన్నారు. నేను రోజూ భోజనం డబ్బా పట్టుకుని అక్కడికే వెళ్లేదాన్ని. కమిటీ ముందుకు వెళ్లి ఆ మాట అన్నది నేనేనని చెప్తానని ఒక రోజు అన్నాను. "చెప్తే పేర్లు వెనక్కొస్తాయా?" అంది. రావన్నాను. "అయితే నీ కిటికీలో నువ్వుండు. మందు మళ్లీ ఇవ్వమన్న రోజున ఇచ్చేవాళ్లు కావాలి కదా." నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది.

ఒక శనివారం మధ్యాహ్నం అతను వచ్చాడు. పార్శిళ్లు ఎక్కించి దించే గోదాములో పని, ఆ కంపెనీ చొక్కా మీదే వచ్చాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. చేతుల మీద అట్టపెట్టెల కోతలు. రిజిస్టరమ్మ లేవబోయి, ఒళ్లో ఉన్న దుప్పటి కింద పడేసుకుని, మళ్లీ కూర్చుంది.

"తిన్నావా?"

"తిన్నా అత్తా. నా సర్టిఫికెట్లు ఇంట్లో ఉన్నాయి. తెచ్చిపెడతావేమోనని వచ్చా."

"నన్ను ఆ ఇంటికి రావద్దన్నాడురా మీ నాన్న."

"ఓ" అన్నాడు. అతనికి ఆ సంగతి తెలియదు. దుప్పట్ల గుట్ట మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, తొందరతొందరగా మాట్లాడింది.

"నీ కోసమే రాశాన్రా. నువ్వు ఆగిపోతావని. నీతోపాటు ఆ పది మందీ. నా పెన్సిలు వల్ల మీరు నష్టపోకూడదని."

"తెలుసత్తా. నీ మీద కోపం లేదు." నిజంగానే కోపం లేదు అతని ముఖంలో. అదే చూడలేకపోయాను నేను. "ఉత్తర్వు వచ్చిన రోజే నేను చదివా. ఇరవై ఒకటి అన్నారు. అంటే నాకు ఇంకా ఏడాదిన్నర. ఆ రాత్రి బాధేసింది. తర్వాత లెక్కేసుకున్నా. అప్పటికి చదువైపోతుంది, ఉద్యోగం వస్తుంది, నా కాళ్ల మీద నేనుంటా. ఈలోగా నాన్నకి నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ఏం చెప్పాలో, ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో రాసుకున్నా కూడా. ఆదివారం లిఫ్టు పనికి నన్ను సాయం తీసుకెళ్తాడు కదా, అప్పుడు మొదలుపెడదామనుకున్నా. మోటారు గదిలో ఇద్దరమే ఉంటాం."

ఆమె కింద పడ్డ దుప్పటి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అంతమంది నా గురించి మాట్లాడారు. వాళ్లకి నేనెవరో తెలీదు. నీకు తెలుసు." చేతి మీద కోతను గోరుతో గిల్లుకున్నాడు. "ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేదత్తా."

ఆమె ఆ దుప్పటి అంచులు కలుపుతూ అడిగింది.

"చేసుంటే ఏమనేవాడివిరా?"

"పెన్సిలే కదా, చెరిపెయ్ అనేవాణ్ణి."

షిఫ్టుకు వేళవుతోందని చెప్పి అతను వెళ్లిపోయాడు.